ఇంగ్లిష్ పీరియడ్‌లో తెలుగు వాడితే నిజంగా తప్పేనా? (బీఎడ్ ఇంటర్న్‌షిప్)

బీఎడ్_రెండో_ఏడు
బీఎడ్ రెండో సంవత్సరం, ఇంగ్లిష్ మెథడ్. 16 వారాల ఇంటర్న్‌షిప్‌లో ఐదో వారం నడుస్తోంది. పరకాల వైపు ఒక హైస్కూల్‌కు వేశారు. ఏడో తరగతి, 31 మంది.

నిన్న అబ్జర్వేషన్. రెండు రాత్రులు కూర్చుని లెసన్ ప్లాన్ రాశాను. చార్టు, ఫ్లాష్ కార్డులు అన్నీ రెడీ. పాఠమంతా ఇంగ్లిష్‌లోనే చెబుతూ మధ్యమధ్యలో 'అండర్‌స్టాండ్?' అని అడిగాను. 31 గొంతులూ కలిసి 'ఎస్ టీచర్' అన్నాయి. చివర్లో ప్రశ్న అడిగితే ఒక్కరూ లేవలేదు.

రెండో బెంచీలో గోడ పక్కన కూర్చునే అమ్మాయి ఏదో రాసుకుంటుంటే దగ్గరికి వెళ్లి చూశాను. పాఠంలో ప్రతి ఇంగ్లిష్ మాట నెత్తిన పెన్సిల్‌తో సన్నగా తెలుగు అక్షరాలు. 'వన్స్ దేర్ వాజ్ ఎ ఫార్మర్' అని వరసగా రాసుకుంది. 'ఫార్మర్ అంటే ఏంది?' అని అడిగితే తల దించుకుంది. 'మీ నాయన ఏం చేస్తడు?' అన్నాను. 'పత్తి ఏస్తడు.' 'మరి మీ నాయనే ఫార్మర్' అన్నాను. ఆ పిల్ల ముఖం ఒక్కసారిగా విప్పారింది. పక్కనున్న నలుగురు పుస్తకం మీదికి వంగి ఆ మాట ఎక్కడుందో వెతుక్కున్నారు. అక్కడి నుంచి పది నిమిషాలు తెలుగూ ఇంగ్లిషూ కలిపి చెప్పాను. క్లాసు లేచి కూర్చుంది.

పీరియడ్ అయ్యాక సూపర్‌వైజర్ సార్ రికార్డులో రాసింది ఒక్కటే మాట: 'తెలుగు వాడకం ఎక్కువగా ఉంది. తగ్గించుకోవాలి.' రాత్రి నిద్ర పట్టలేదు. ఆ పది నిమిషాలు తప్పయితే ముందు చెప్పిన 35 నిమిషాలు ఒప్పు కావాలి కదా? ఆ 35 నిమిషాల్లో వాళ్లకు ఏమీ అందలేదని నా కళ్లతో చూశాను. సైన్స్ మేడం ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉన్న పుస్తకం పట్టుకుని రెండింట్లోనూ చెబుతారు, ఎవరూ ఏమీ అనరు. ఇంగ్లిష్‌కే ఈ నిషేధం ఎందుకు? సీనియర్లు చెప్పండి.

స్పోకెన్_కోచ్_హన్మకొండ
మీ సార్ రాసింది కరెక్ట్. భాష చెవిన పడితేనే వస్తుంది. ఆ ఊళ్లో పిల్లలకు ఇంగ్లిష్ వినపడేది రోజుకు ఆ ఒక్క పీరియడే. అందులో సగం తెలుగుకు ఇచ్చేస్తే ఇక మిగిలేదేంటి? ఈత నేర్పిస్తానని తీసుకెళ్లి గట్టు మీద కూర్చోబెట్టినట్టు ఉంటుంది. మొదట్లో అర్థం కాకపోయినా పర్వాలేదు, ఓపిక పట్టాలి.

కాజీపేట_జంక్షన్
నీళ్లలో తోసేసి గట్టు మీది నుంచి 'అండర్‌స్టాండ్?' అని అరిచినా 'ఎస్ టీచర్' అనే వినపడుతుంది అన్నా 😀

నర్సంపేట_ఎస్జీటీ
ఈత మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. మా ఊళ్లో బావిలో ఈత నేర్పేటప్పుడు నడుముకు బెండ్లు కట్టేవాళ్లు. మొదటి రోజు నాలుగు, వారం పోయాక మూడు, తర్వాత రెండు. చివరి బెండు ఎప్పుడు తీశారో నాకు తెలియనే లేదు, తిరిగి చూసుకుంటే ఈదుతున్నాను. తెలుగు ఆ బెండు లాంటిది. అసలు కట్టకపోతే పిల్లాడు మునుగుతాడు. ఎప్పటికీ తీయకపోతే ఈత రాదు.

పాతసుద్దముక్క
ఎస్జీటీ గారి మాటకు నా 26 ఏళ్ల సర్వీసు కలుపుతున్నా. స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్, ఎక్కువ కాలం ములుగు, భూపాలపల్లి వైపే పనిచేశాను.

అమ్మా, నువ్వు తెలుగు వాడినందుకు నేను తప్పుపట్టను. ఆ పది నిమిషాలు ఎలా వాడావు అన్నదే నా ప్రశ్న. ఒక వాక్యం ఇంగ్లిష్‌లో చదివి, వెంటనే తెలుగులో చెప్పి, మళ్లీ ఇంకో వాక్యం చదివి... అలా చేశావా? చేసి ఉంటే రెండు వారాల్లో ఒక సంగతి గమనిస్తావు. నువ్వు ఇంగ్లిష్ మాట్లాడుతున్నంత సేపూ పిల్లలు కిటికీలోంచి చూస్తారు. ఎలాగూ వెనకాలే తెలుగు వస్తుందని వాళ్లకు తెలుసు. నేను మొదటి ఆరేళ్లు అదే చేశాను. నా పిల్లలకు కథలన్నీ తెలుసు, ఇంగ్లిష్ మాత్రం రాలేదు.

'ఫార్మర్' విషయంలో నువ్వు చేసింది వేరు. అర్థం నువ్వు చెప్పలేదు, ఆ పిల్ల ఇంట్లోంచే తెచ్చావు. ఒక్క తెలుగు ప్రశ్న, ఒక్క జవాబు, మళ్లీ ఇంగ్లిష్‌లోకి వచ్చేశావు. అది పట్టుకో.

ఇంకోటి. 'అండర్‌స్టాండ్?' అని అడగడం ఈరోజే మానెయ్యి. దానికి 'ఎస్' తప్ప ఇంకో జవాబు చెప్పే ధైర్యం ఏ పిల్లకూ ఉండదు. అర్థమైందో లేదో చేయించి చూడు. 'ఓపెన్ ది విండో', 'గివ్ యువర్ పెన్ టు లావణ్య', 'స్టాండ్ బిహైండ్ ది డోర్'. నోరు తెరవక్కర్లేదు, లేచి చేస్తే చాలు. జేమ్స్ ఆషర్ అనే ఆయన 1960ల్లోనే ఈ పద్ధతి మీద పనిచేశాడు. పసిపిల్లలు మాట్లాడకముందే 'దా', 'కూసో', 'ఇటియ్యి' అంటే చేస్తారు కదా, అదే సూత్రం. మాట రాకముందు కొంతకాలం మౌనం ఉంటుంది. ఆ మౌనాన్ని రాకపోవడం అనుకోకు.

బీఎడ్_రెండో_ఏడు
సార్, ఫార్మర్ తర్వాత మిగతా పది నిమిషాలూ మీరు చెప్పినట్టే వాక్యం వాక్యం తెలుగు చేశాను. ఆ టైంలో అందరూ నా వైపే చూస్తున్నారని సంతోషపడ్డాను. ఇప్పుడు గుర్తు తెచ్చుకుంటే, వాళ్లు చూసింది నేను తెలుగు మాట్లాడినప్పుడే.

పత్తిరైతు_పరకాల
నేను టీచర్ను కాదు, ఇద్దరు పిల్లల తండ్రిని. మా పెద్దోణ్ని మొదట ప్రైవేటులో వేశాం. అక్కడ తెలుగు మాట్లాడితే ఐదు రూపాయల ఫైను. రెండు నెలలు కట్టాం. తర్వాత ఫైను ఆగిపోయింది, మావోడికి ఇంగ్లిష్ వచ్చిందని సంబరపడ్డాం. అసలు సంగతి ఏంటంటే వాడు బడిలో నోరు తెరవడమే మానేశాడు. బస్సు దిగి ఇంటి దర్వాజ దాటాక ఒక్కసారిగా మొదలుపెట్టేవాడు, పొద్దంతా ఆపుకున్న మాటలన్నీ. వాళ్లమ్మ ఏడ్చింది. 2022లో సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చాక ఇక్కడికి మార్చాం.

మాకు ఇంగ్లిష్ వద్దని కాదు. అప్పు చేసైనా ఇంగ్లిష్ చదివించాలనుకునే వాళ్లమే. కానీ నోరు కట్టేస్తే ఏ భాష వస్తుంది?

స్పోకెన్_కోచ్_హన్మకొండ
ఫైన్లు వేయడం దుర్మార్గం, అందులో నాకు రెండో మాట లేదు. కానీ నా బాధ కూడా వినండి. నా దగ్గరికి వచ్చేది డిగ్రీ, బీటెక్ అయిపోయిన పిల్లలు. టెన్సులు పన్నెండూ వరసగా అప్పజెబుతారు. యాక్టివ్ వాయిస్‌ను పాసివ్‌లోకి టకటకా మారుస్తారు. 'టెల్ మి అబౌట్ యువర్‌సెల్ఫ్' అంటే మాత్రం చెమటలు. పదేళ్లు ఇంగ్లిష్ గురించి తెలుగులో విన్నారు, ఇంగ్లిష్ వినలేదు. నిరుడు ఒకబ్బాయి మంచి ఉద్యోగం ఇంటర్వ్యూలో పోగొట్టుకుని నా ముందు కూర్చుని ఏడ్చాడు. వాణ్ని చూసినప్పటి నుంచి తెలుగులో ఇంగ్లిష్ చెప్పడమంటే నాకు భయం.

పాతసుద్దముక్క
కోచ్ గారూ, ఆ అబ్బాయి లాంటి వాళ్లను నేనూ తయారు చేశాను. మీ భయం నాకు అర్థమైంది. మనిద్దరం చెప్పేది అంత దూరంగా లేదు. ఆర్డర్లు, పలకరింపులు, మెచ్చుకోళ్లు, రోజూ వాడే మాటలన్నీ ఇంగ్లిష్‌లోనే జరగాలి. తెలుగు చిటికెడు, అదీ అవసరమైన చోట.

మెథడ్స్_లెక్చరర్
బీఎడ్ కాలేజీలో ఇంగ్లిష్ మెథడ్స్ చెబుతాను. సూపర్‌వైజర్లలో చాలామందిమి పాత అలవాటుతో ఆ వాక్యం రాస్తాం, ఒప్పుకుంటున్నాను. తెలుగు ఎంత వాడారని లెక్కపెట్టడం సులువు, ఎందుకు వాడారో గమనించడానికి వెనక బెంచీలో ఓపిగ్గా కూర్చోవాలి.

ట్రైనీలకు నేను ముందు చెప్పేది ఆగడం గురించి. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో క్లాసులను రికార్డు చేసి చూస్తే, ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక సెకను కూడా ఆగడం లేదని తేలింది. మూడు సెకన్లు, అంతకంటే కొంచెం ఎక్కువ ఆగితే చాలు, జవాబులు పొడవయ్యాయి, మామూలుగా మాట్లాడని పిల్లలు కూడా లేచారు. అవి సైన్స్ క్లాసులు, పిల్లలవి సొంత భాషలోని జవాబులు. మన పిల్లలు తెలుగులో ఆలోచించి, ఇంగ్లిష్ మాటలు వెతుక్కుని, వరస మార్చుకుని, నవ్వుతారేమోనన్న భయం దాటి లేవాలి. మూడు సెకన్లు ఏం సరిపోతాయి? మనసులో పది లెక్కపెట్టండి.

రెండోది, మన దక్షిణాదిలోనే ఎన్.ఎస్. ప్రభు గారు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు ప్రాజెక్టు అని నడిపారు. మామూలు బడుల్లోనే. గ్రామర్ పాఠాలు పక్కనపెట్టి మ్యాపులు, రైలు టైం టేబుళ్లు ఇచ్చి లెక్కలు తేల్చమన్నారు. పిల్లల మనసు సమస్య మీద ఉంటుంది, భాష దాని వెంట వస్తుంది అన్నది ఆయన నమ్మకం.

కాజీపేట_జంక్షన్
రైలు టైం టేబుల్ అంటే మా ఇంటి సంగతే 🙂 నిజంగా చేశాను మేడం. కాజీపేట నుంచి మూడు లైన్లు పోతాయి: సికింద్రాబాద్ వైపు, విజయవాడ వైపు, బల్లార్షా వైపు. బోర్డు మీద మూడు గీతలు గీసి 'యువర్ అంకుల్ ఈజ్ ఇన్ ఢిల్లీ. విచ్ లైన్?' అని అడిగాను. సగం మంది సికింద్రాబాద్ అన్నారు, సగం మంది బల్లార్షా అన్నారు. కొట్లాట! ఆ కొట్లాట సగం తెలుగులోనే జరిగింది. కానీ 'నో, రాంగ్, దిస్ లైన్ గో ఢిల్లీ' అని ఒకడు బోర్డు దగ్గరికి ఉరికొచ్చి చూపించాడు. ఏడాదంతా వాడి నోట ఇంగ్లిష్ వినలేదు నేను.

తండా_టీచరమ్మ
అందరూ తెలుగా, ఇంగ్లిషా అంటున్నారు. మూడో భాష గురించి ఎవరూ అడగలేదు.

నాది మహబూబాబాద్ వైపు తండా. ఇంట్లో మేం మాట్లాడేది మా గోర్ బోలి, అంటే లంబాడీ భాష. ఒకటో తరగతిలో టీచర్ 'అమ్మ' అని బోర్డు మీద రాసి చదవమంది. మాకు అమ్మ అంటే యాడి. 'నీళ్లు తాగి రా' అంటే కూడా తెలియక నిలబడ్డాను, మా ఇంట్లో అది పాణి. మొద్దు పిల్ల అన్నారు. ఆ మాటకు అర్థం తెలియడానికి ఏడాది పట్టింది. తెలిశాక చాలా రోజులు ఏడ్చాను.

ఇప్పుడు నేనే టీచర్ను. నా క్లాసులో ఇంగ్లిష్ మాటకు తెలుగు అర్థం చెబితే కొందరికి ఒక తాళం తీసి ఇంకో తాళం వేసినట్టే. అందుకే బొమ్మ చూపిస్తాను, వస్తువు తెస్తాను. 'మీ ఇంట్ల దీన్ని ఏమంటరు?' అని అడుగుతాను. బోర్డు మీద మూడు మాటలూ పక్కపక్కన ఉంటాయి. కోయ పిల్లలున్న బడిలో చేసినప్పుడు వాళ్ల మాట నాకు తెలియదు, వాళ్లే నాకు నేర్పారు. టీచర్ తప్పు పలికితే పిల్లలు ఎంత నవ్వుతారో! అలా నవ్విన పిల్లకు ఇంగ్లిష్ తప్పు పలకడానికి భయం ఉండదు.

చెల్లీ, ఆ రెండో బెంచీ అమ్మాయి ఇంట్లో ఏం మాట్లాడుతుందో అడిగావా?

బీఎడ్_రెండో_ఏడు
అడగలేదు అక్కా. ఐదు వారాల్లో అది అడగాలన్న ఆలోచనే రాలేదు. రేపు కనుక్కుంటాను.

వరంగల్_వేణు
ఇంగ్లిష్ రావాలంటే ఎన్నేళ్లు పడుతుంది అసలు? మా చెల్లి ఆరు నెలల నుంచి ఇంగ్లిష్ మీడియం, ఇంకా రావట్లేదని అమ్మకు టెన్షన్.

మెథడ్స్_లెక్చరర్
కెనడాకు వలస వచ్చిన పిల్లల మీద జిమ్ కమిన్స్ చేసిన పని ఉంది. తోటివాళ్లతో మాట్లాడే భాష రెండేళ్లలో వచ్చేస్తుందని, పుస్తకంలోని పాఠం అర్థం చేసుకుని రాసే భాషకు ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని ఆయన తేల్చారు. గలగలా మాట్లాడే పిల్లకు చదువు భాష వచ్చేసిందని అనుకోకూడదు.

కాజీపేట_జంక్షన్
మేడం, అక్కడ బడి బయట కూడా ఇంగ్లిషే కదా. దుకాణంలో, టీవీలో, ఆటస్థలంలో. మన ఏనుమాముల మార్కెట్లో మిర్చి రేటు ఇంగ్లిష్‌లో అడగరు. ఆ లెక్క ఇక్కడికి తేలేం.

మెథడ్స్_లెక్చరర్
నిజమే, నేరుగా తేలేం. ఇక్కడ ఇంకా ఎక్కువే పడుతుంది అనుకోవాలి. వేణూ, ఆరు నెలలకు టెన్షన్ వద్దని అమ్మకు చెప్పు.

నర్సంపేట_ఎస్జీటీ
వాక్యం వరస గురించి ఎవరూ చెప్పలేదు, మా పిల్లలకు అసలు కష్టం అక్కడే. 'ఐ మ్యాంగో ఈట్' అని రాస్తారు. ఎర్ర పెన్నుతో కొట్టేస్తే మళ్లీ అదే రాస్తారు.

ముగ్గురు పిల్లలకు చీటీలు ఇచ్చి నిలబెడతాను: 'రమ్య', 'మామిడిపండును', 'తింటుంది'. ఎవరు ఎక్కడికి మారినా సరే, 'మామిడిపండును రమ్య తింటుంది' అన్నా తినేది రమ్యే. తర్వాత ఇంగ్లిష్ చీటీలు: 'రమ్య', 'ఈట్స్', 'ఎ మ్యాంగో'. ఇప్పుడు రెండు చివరల వాళ్లను మార్చుకోమంటాను. 'ఎ మ్యాంగో ఈట్స్ రమ్య!' క్లాసు పగలబడి నవ్వుతుంది. మామిడిపండు నోరు తెరిచి రమ్యను మింగే బొమ్మ ఒకడు వేశాడు, ఇంకా గోడకు ఉంది. తెలుగులో ఎవరు ఎవరిని తింటున్నారో 'ను' చెబుతుంది, ఇంగ్లిష్‌లో నిలబడ్డ చోటు చెబుతుంది. ఈ ఒక్క ముక్క నేను తెలుగులోనే చెబుతాను, రెండు నిమిషాలు. పిల్లలకు వాళ్ల సొంత భాషలో ఎంత తెలివి దాగుందో కూడా అప్పుడే తెలుస్తుంది. ఈ సుఖం తెలుగు పూర్తిగా మానేస్తే దొరకదు.

స్పోకెన్_కోచ్_హన్మకొండ
ఇది నేను తీసుకుంటున్నా. డిగ్రీ పిల్లలకూ పనికొస్తుంది.

బీఎడ్_రెండో_ఏడు
మేడం, నోట్‌బుక్‌లు దిద్దడం ఎలా? ఒక్కో పేజీలో 15 తప్పులుంటాయి. అన్నీ దిద్దితే పేజీ మొత్తం ఎర్రగా అవుతోంది. నిన్న ఒక బాబు ఆ పేజీ చింపేశాడు.

నర్సంపేట_ఎస్జీటీ
ఈ వారం ఒక్క రకం తప్పే. వరస అంటే వరసే. స్పెల్లింగ్ వచ్చే వారం. ఎర్ర పెన్ను ఇంట్లో పెట్టి రా, పెన్సిల్‌తో దిద్దు.

పాతసుద్దముక్క
మాట్లాడేటప్పుడైతే అసలు ఆపకు. పిల్ల తప్పుగా చెబితే అదే మాటను సరిచేసి నీ జవాబులో కలిపి ఇవ్వు. 'ఐ నో బ్రింగ్ బుక్' అంటే 'ఓహ్, యు డిడ్‌న్ట్ బ్రింగ్ యువర్ బుక్? ఓకే, షేర్ విత్ రమ్య.' తప్పు చెప్పిందన్న సంగతి ఆ పిల్లకు తెలియదు, సరైన మాట మాత్రం చెవిన పడుతుంది.

బీఎడ్_రెండో_ఏడు (మూడు వారాల తర్వాత)
అడిగాను. ఆ అమ్మాయిది తండానే. ఆమెతో కలిపి క్లాసులో ఐదుగురు. తండా అక్కకు ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియట్లేదు.

జరిగినవి జరిగినట్టు రాస్తున్నా. 'అండర్‌స్టాండ్?' నోటికి వచ్చేస్తూనే ఉంది, చేతి మీద పెన్నుతో గుర్తు పెట్టుకుని ఆపుకుంటున్నాను. ప్రశ్న అడిగి పది లెక్కపెట్టడం చాలా కష్టం. ఆరు దగ్గరికి వచ్చేసరికి క్లాసంతా నన్నే చూస్తున్నట్టు గాభరా. మూడో రోజు ఎనిమిది దగ్గర ఒక చెయ్యి లేచింది. రైలు ఆట మాకు బస్సు ఆట అయింది, పరకాల బస్టాండ్ బోర్డు రాసుకుని తీసుకెళ్లాను. పత్తి తీతలు మొదలయ్యాయి, నిన్న తొమ్మిది మంది రాలేదు. వచ్చిన వాళ్లతో 'కాటన్', 'పిక్', 'బ్యాగ్', 'వెయిట్' మాటలు చేశాం. రాని వాళ్లు చేలో చేస్తున్న పని పేర్లే అవి.

బోర్డు మీద మూడు మాటలు రాయడం మొదలుపెట్టాక, ఆ అమ్మాయి లేచొచ్చి 'వాటర్', 'నీళ్లు' పక్కన 'పాణి' అని తన చేత్తో రాసింది. మిగతా 26 మందికీ అది పలకడం నేర్పింది. ఆ పీరియడ్‌లో నేను వెనక బెంచీలో కూర్చున్నాను.

తండా_టీచరమ్మ
చదివి కళ్లలో నీళ్లొచ్చాయి. పాణి అనాలా 🙂

పత్తిరైతు_పరకాల
చేలోకి తీసుకుపోవడం మాకూ ఇష్టం లేదు మేడం. కూలీలు దొరకరు, వాన భయం. వచ్చే వారం నుంచి మా చిన్నదాన్ని తప్పకుండా పంపిస్తా.

మెథడ్స్_లెక్చరర్
రెండో అబ్జర్వేషన్ ఎప్పుడు?

బీఎడ్_రెండో_ఏడు
సోమవారం మేడం. లెసన్ ప్లాన్‌లో ఈసారి తెలుగు ఎక్కడ వాడతానో, ఎందుకు వాడతానో ముందే రాసి పెట్టాను. రెండు చోట్ల. సార్ ఒప్పుకుంటారో లేదో.

ఇంకొకటి చెప్పాలి. ఈరోజు బెల్లు కొట్టాక సైకిల్ స్టాండ్ దగ్గర ఆ అమ్మాయి నా వెనకాలే వచ్చింది. కాసేపు బ్యాగు పట్టీ తిప్పుకుంటూ నిలబడి, 'టీచర్, యు కమ్ టుమారో?' అంది. నేనడగకుండా తనంతట తను అన్న మొదటి ఇంగ్లిష్ మాట.

కాజీపేట_జంక్షన్
దిద్దావా ఏంటి?

బీఎడ్_రెండో_ఏడు
'విల్ ఐ కమ్ టుమారో? ఎస్, ఐ విల్ కమ్' అన్నాను. 'ఐ విల్ కమ్' అని తనూ అనుకుంటూ ఉరికింది.